వల మీద చెయ్యి

మా నాయనమ్మ రత్తమ్మ దేనికీ భయపడే రకం కాదు. ఉప్పెన వస్తోందని పాలెమంతా మూటాముల్లే సర్దుకుంటుంటే ఈవిడ ఎండుచేపలు గంపకెత్తుకుంటూ, "వస్తే రానీ, ముందివి తడవకూడదు" అనేది. దొడ్లోకి పాము వస్తే చీపురుతో తోసేసేది. అలాంటి మనిషికి లోకంలో ఒకే ఒక్క భయం. చేతులు వణికే మగాణ్ణి చూడలేకపోయేది. చలికి వణికినా అంతే, ముసలితనానికి వణికినా అంతే. ఎవరి చేతిలోనైనా మజ్జిగ గ్లాసు కాస్త తొణికిందంటే ఈవిడ ముఖం పాలిపోయేది, లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

నా పెళ్ళిలో తాళి కడుతుంటే మా ఆయన చేతులు వణికాయి. కొత్త, కంగారు, అంతే పాపం. ఈవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, అందరి ముందూ అతని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "ఫరవాలేదు, కానివ్వండి" అని వెళ్ళి కూర్చుంది. నా పరువు గంగలో కలిపింది. మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు తనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పింది. ఆ తర్వాత నేను మళ్ళీ ఆ మాట ఎత్తి ఆవిణ్ణి దెప్పలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి అప్పటికి ముప్పై అయిదేళ్ళు అయి ఉంటుంది. కాలువలొచ్చాయి, కాలువల మీద లాకులొచ్చాయి, లాకుల దగ్గర కొత్త ఊళ్ళు పుట్టాయి. మా పాలెం మాత్రం గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసకమేట మీద, ముప్పై తాటాకిళ్ళతో ఎలా ఉన్నది అలాగే ఉంది. మగవాళ్ళు పడవల మీద చేపల వేటకెళ్ళేవారు. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని లాకులపేట దాకా నడిచివెళ్ళి అమ్ముకొచ్చేవారు. నాయనమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. చంకలో మా నాన్న, రెండేళ్ళవాడు.

మా తాత బుల్లియ్య మంచివాడు. చెయ్యి ఎత్తిన పాపాన పోలేదు, మాట తూలలేదు. కానీ తాగేవాడు. పండక్కో పబ్బానికో కాదు. పొద్దున్నే నోరు కడుక్కోకముందే కొబ్బరిచిప్పెడు సారా లోపల పడాలి. అది పడితేగానీ వేళ్ళు కుదురుగా నిలిచేవి కావు, వలకు ముడి పడేది కాదు. మధ్యాహ్నం మరో చిప్ప, పొద్దుగూకాక ఇంకెన్నో. పన్నెండేళ్ళుగా అదే తంతు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మొగ దాటేటప్పుడు చేతిలో తాడు వదిలేశాడు. పడవ ఒరిగిపోయింది. వల సముద్రం పాలైంది. జట్టులో ఇద్దరు మునిగి తేలారు.

ఆ పడవకు పెద్ద మా తాత అన్నగారే, పల్లంరాజు. పొడుగాటి మనిషి, తక్కువ మాట. తమ్ముణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. కొత్త వల అల్లించాడు.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త వలను రంగునీళ్ళలో ఉడకబెట్టి ఆరేసిన రోజున జట్టులో ఏడుగురూ దాని మీద చెయ్యి వేసి మాట ఇస్తారు. వల మీద చెయ్యి వేసి అన్న మాట అబద్ధమైతే ముందు వల ఖాళీగా వస్తుందనీ, తర్వాత పడవే తిరిగి రాదనీ నమ్మకం. తప్పు చేసింది ఒక్కడైనా పోయేది ఏడుగురూ. అందుకని మా పాలెంలో దేవుడి మీద ఒట్టు వేసి తప్పినవాళ్ళున్నారు గానీ, వల మీద చెయ్యి వేసి తప్పినవాడు లేడు. ఆ రోజు బుల్లియ్య వల మీద చెయ్యి వేసి, "ఇక చుక్క ముట్టను" అన్నాడు. నాయనమ్మ గుడిసెలోకి పోయి సంతోషంతో ఏడ్చిందట.

అది సోమవారం.

మంగళవారం పొద్దుటికి వేళ్ళు వణికాయి. సాయంత్రానికి రెండు చేతులూ మోచేతుల దాకా వణికాయి. గంజి ముంత నోటి దాకా పోలేదు, గుండెల మీద ఒలికింది. ఒళ్ళంతా చెమట. తిన్నది నిలవలేదు. నిద్ర లేదు. జట్టువాళ్ళు వచ్చి చూసి తలలూపారు. "వల పట్టుకుందిరా వీణ్ణి. లోపలున్న సారానంతా పిండేస్తోంది. మంచిదే" అన్నారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వణుకు ఎక్కువైనకొద్దీ వల బాగా పని చేస్తోందని వాళ్ళు సంబరపడ్డారు! ఆయన పళ్ళు కటకటలాడుతుంటే, "ఇంకా రావాలి, ఇంకా ఉంది లోపల" అన్నారు. నాయనమ్మ కూడా మొదట అలాగే అనుకుందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖంలోకి చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన కళ్ళు పైకి తిరిగాయి. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట నురగ. ఎవరో గుప్పిట్లో ఇనపతాళం పెట్టారు. కాసేపటికి తగ్గింది. పల్లంరాజు ఆ కొత్త వలను తెచ్చి తమ్ముడి మీద కప్పించాడు, "పూర్తిగా పిండెయ్యనీ" అని. వల అంచులు గుంజలకు కట్టించాడు. ఎండాకాలం, తాటాకింట్లో, తడి వాసన కొట్టే వల కింద మనిషి. తలుచుకుంటే నాకే ఊపిరాడదు.

గురువారం తెల్లవారేసరికి ఆయనకు మనుషులు తెలియలేదు. ఒంటి మీద పీతలు పాకుతున్నాయన్నాడు. "తియ్యవే, కళ్ళలోకి పోతున్నాయే!" అని కేకలు. గోడ వారగా నీళ్ళు పైకొస్తున్నాయట, పడవెక్కమంటాడు. నాయనమ్మ దగ్గరికెళ్తే, "ఎవతివి నువ్వు? మా ఆడది ఏదీ?" అన్నాడు. ఆ మాటకు ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె ఎగిరి పడుతోంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. పిండేది సారాను కాదు, ప్రాణాన్నేనని అప్పుడు తోచిందట ఆవిడకు.

సారా కొట్టుకు పరిగెత్తి కొబ్బరిచిప్పలో కాస్త తెచ్చింది. నోటి దగ్గర పెట్టబోతుంటే పల్లంరాజు వచ్చి చిప్పను ఒక్క తాపు తన్నాడు. "ఏడుగురి ప్రాణాలు తీస్తావా?" అన్నాడు. ఆయన గొంతు కూడా వణికిందని నాయనమ్మ చెప్పింది. ఆవిడ బావగారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఏమీ అనకుండా బిడ్డను పక్కింటావిడకు అప్పగించి, లాకులపేట దారి పట్టింది. రోజూ గంపతో నడిచే దారే. ఆ రోజు చేతులు ఖాళీగా, పరుగులాంటి నడక.

లాకులపేటలో మిషనువాళ్ళ డిస్పెన్సరీ ఉంది. అక్కడ కాంపౌండరు చిట్టియ్యగారు, లూథరన్ క్రైస్తవుడు. శుక్రవారాల్లో నాయనమ్మ దగ్గర చేపలు కొనేవాడు. ఎండాకాలం కాబట్టి అక్కడి తెల్ల డాక్టరమ్మగారు చల్లదనం కోసం కొండల మీదికి వెళ్ళిపోయింది. నాయనమ్మ చెప్పిందంతా విని ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఎన్నాళ్ళయిందమ్మా మానేసి?"

"ఇవాళ్టికి నాలుగో రోజండి."

"ఒక్కసారే మానేశాడా? చుక్క కూడా ముట్టలేదా?"

"వల మీద చెయ్యేశాడండి. ఎలా ముడతాడు?"

ఆయన తల పట్టుకున్నాడు. "అయ్యో, ఎంత పని చేశారమ్మా! ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నపళంగా మానేస్తే ఒళ్ళు తట్టుకోలేదు. నరాలు తిరగబడతాయి. మా డాక్టరమ్మగారైతే మందు ఇస్తూ, రోజుకింత తగ్గిస్తూ మాన్పిస్తారు. రాజమండ్రిలో ఒక గుమాస్తాను చూశాను ఇలాగే. బంధువులు గదిలో పెట్టి తాళం వేశారు. అయిదో రోజు పోయాడు."

నాయనమ్మ ఆ గుమ్మంలోనే కూలబడింది. "మావాడికి ఇవాళ నాలుగోదండి" అని మాత్రం అంది.

చిట్టియ్యగారు మందుల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. తాళంచెవి చేతిలోనే ఉంది. "ఉన్నది క్లోరలు. మనిషిని నిద్రపుచ్చుతుంది. నిద్ర పడితే బతుకుతాడు. కానీ ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది. తక్కువైతే మళ్ళీ మూర్ఛ వస్తుంది. డాక్టరమ్మగారు లేకుండా నా చేత్తో ఎప్పుడూ ఇవ్వలేదమ్మా. నాకు భయంగా ఉంది" అన్నాడు. ఆ మాట అన్నందుకే నాకు ఆయనంటే గౌరవం. భయాన్ని దాచుకుని పెద్దమనుషుల్లా కూర్చున్నవాళ్ళు మా పాలెంలో ఆరుగురున్నారు మరి.

చివరికి బీరువా తెరిచాడు. మందు కొలిచి, పంచదార పాకంలో కలిపి, అది మరీ ఘాటుగా ఉంటుందని ఇంకో సీసాలోంచి కొన్ని చుక్కలు వేశాడు. సీసా పక్కన మోతాదుకొక గాటు చొప్పున కత్తిరించిన కాగితం అంటించాడు. ఇద్దరూ కాలువ పడవలో పాలెం వైపు వస్తుంటే నాయనమ్మ అడిగింది.

"ఇందులో సారా లేదు కదండీ?"

ఆయన అబద్ధం చెప్పలేని మనిషి. "ఆ చుక్కల మందు స్పిరిట్లో నానబెట్టిందమ్మా. స్పిరిటంటే సారా లాంటిదే. అంతా కలిపి పది చుక్కలు ఉంటుంది. దాంతో మత్తెక్కదు."

నాయనమ్మ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. పది చుక్కలు. మొగుడేమో చుక్క ముట్టనన్నాడు.

పాలెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ రోజుల్లో మావాళ్ళు క్రైస్తవుణ్ణి, అందులోనూ ఆయన కులంవాణ్ణి, గడప తొక్కనిచ్చేవారు కాదు. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ప్రాణం పొయ్యడానికి వచ్చినవాణ్ణి చూరు కింద ఎండలో నిలబెట్టారు. లోపల తాత అరిచి అరిచి గొంతు పోయి, వల కింద గొణుగుతున్నాడు. వేళ్ళు మాత్రం ఆగకుండా పీతల్ని ఏరుతున్నాయి.

పల్లంరాజు సీసా అందుకుని మూత తీసి వాసన చూశాడు. వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. ముఖం చిట్లించాడు. "మండుతోంది. ఇందులో సారా ఉందా?" అని చిట్టియ్యగారిని అడిగాడు. "లేదని వల మీద చెయ్యేసి చెప్పండి. చాలు."

చిట్టియ్యగారు నోరు మెదపలేదు. ఆయన మతంలో ఒట్టు వెయ్యకూడదు. వెయ్యొచ్చని ఉన్నా ఆయన వెయ్యడు, పది చుక్కలున్నాయి గనక. జట్టులో ఒకడు, "పట్టుకుపొమ్మనన్నా ఆ సీసా" అన్నాడు.

నాయనమ్మ లోపలికి నడిచింది. మా ఆడవాళ్ళు వల ఎండబెడతారు, చిరుగులు కుడతారు. మాటిచ్చే చెయ్యి మాత్రం మగవాళ్ళదే. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, తాత గుండెల మీదున్న వల మీద అరచెయ్యి ఆనించింది. వల కింద ఆ గుండె ఎలా కొట్టుకుంటోందో చేతికి తెలుస్తూనే ఉంది.

"ఈయన మందు కలుపుతుంటే నేను కళ్ళారా చూశాను. ఇందులో చుక్క సారా లేదు. ఉంటే ఈ పడవ తిరిగి రాకుండా పోనీ" అంది.

జట్టులో ఒకడు, "ఆడదాని మాట వల వింటుందా?" అన్నాడు. పల్లంరాజు సీసాను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడకేసి చూశాడు, చాలాసేపు. "వింటుంది. పొయ్యి" అని సీసా ఇచ్చాడు.

చిట్టియ్యగారు బయటినుంచే, "ముందు ఆ వల తీసెయ్యండి. కట్లు విప్పండి. గాలి రానివ్వండి" అని అరిచాడు. తర్వాత నాయనమ్మ ఒక గాటు మందు గిన్నెలో పోసి, నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టించింది. సగం కక్కాడు. కక్కినంత మళ్ళీ పొయ్యాలా వద్దా? చూరు కిందున్న చిట్టియ్యగారికీ తెలియదు. "ఆగు, ఆగు" అన్నాడు. జేబులోంచి గడియారం తీశాడు. "నేను చూస్తుంటాను, నువ్వు ఊపిరి లెక్కపెట్టి పైకి చెప్పమ్మా."

ఆవిడ చేపల లెక్క ఒక్కటే ఎరిగిన మనిషి. ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఒకటి, రెండు, మూడు అంటూ కేకపెట్టి చెప్పింది. నిమిషానికి నలభై దాటింది, ఇంకా నెమ్మదించలేదన్నమాట. "ఇంకో సగం గాటు పొయ్యి" అన్నాడాయన. పొద్దు వాలాక రెండోది. గంజిలో ఉప్పు వేసి గుటకలు గుటకలుగా పట్టించమన్నాడు. పీతలు తగ్గాయి. కళ్ళు మూతలు పడ్డాయి.

ఆ రాత్రి సంగతి ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. మూడో గాటు పోశానని ఒక్కటే చెప్పింది.

శుక్రవారం పొద్దున్న ఆయన కదలడం లేదు. నాయనమ్మ లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు అనబోయి ఆగింది. ఆయన ఛాతీ మీదున్న తన చెయ్యి పైకి లేవలేదు. బయట చిట్టియ్యగారు "మూడు? రత్తమ్మా, మూడు?" అంటున్నాడు. అయిదో రోజది. తన చేత్తోనే పోసింది మూడు గాట్లూ. చంపింది తనే అనుకుంది.

అప్పుడు పల్లంరాజు అరిచాడు, "అయ్యా, లోపలికి రండి! రండి లోపలికి!" అని. చెయ్యి పట్టుకుని ఆయన్ని గడప దాటించాడు. చిట్టియ్యగారు తాతను పక్కకు ఒత్తిగిల్లేసి, దవడ పైకెత్తి, నాలిక ముందుకు లాగి, చెంపల మీద కొట్టి, "బుల్లియ్యా! ఊపిరి తియ్యి! తియ్యరా!" అన్నాడు. పెద్ద గురకలాంటి శబ్దంతో ఊపిరి వచ్చింది. నాయనమ్మ "మూడు" అంది. ఆ మూడు అన్నప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి మగాడూ ఏడ్చాడట.

మిట్టమధ్యాహ్నం దాకా ఆ ముగ్గురూ వంతులవారీగా ఆయన్ని కదుపుతూ, దవడ పట్టుకుని కూర్చున్నారు. నాలుగో గాటు పొయ్యలేదు. పొద్దు తిరిగాక కళ్ళు తెరిచి, "రత్తీ, దాహం" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు! చిట్టియ్యగారు గుమ్మం బయటికి వెళ్ళి ఇసకలో మోకరించి ప్రార్థన చేసుకున్నాడు. పల్లంరాజు ఆయనకు తన ఇంట్లోంచి మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన్ని చూరు కింద నిలబెట్టే దమ్ము పాలెంలో ఎవరికీ లేకపోయింది.

తాత మళ్ళీ తాగలేదు. నెల తిరిగేసరికి అదే పడవ మీద, అదే వలతో వేటకెళ్ళాడు. ఇక్కడితో కథ బాగానే అయిపోవాలి. కానీ నాయనమ్మకు అసలు భయం అప్పుడు మొదలైంది.

పడవ మొగ దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చే దాకా ఆవిడకు ముద్ద దిగేది కాదు. చేపలమ్మి పరుగున ఇల్లు చేరి, నేరుగా ఒడ్డుకెళ్ళి నిలబడేది. వానొచ్చినా అక్కడే. నిండు చూలాలుగా ఉన్నా అక్కడే. పాలెంవాళ్ళు మొగుడి మీద ఎంత మోజో అని నవ్వేవాళ్ళు. వల తేలిగ్గా వచ్చిన రోజున ఆ రాత్రి ఆవిడకు కునుకు పట్టేది కాదు, ఇక తర్వాతది పడవేనని. ఒడ్డున పడవ ఆగగానే తలలు లెక్కపెట్టుకునేది, ఏడు దాకా. పంతొమ్మిదేళ్ళు.

నాకు కోపం వచ్చింది. "మొగుణ్ణి బతికించుకున్నావు సరే. మిగతా ఆరుగురినీ పణం పెట్టావు కదే! వాళ్ళకూ పెళ్ళాం బిడ్డలు లేరా?" అన్నాను.

"ఉన్నారే. అందుకేగా లెక్కపెట్టుకున్నాను" అంది.

తాతకు కూడా చెప్పలేదు. చెబితే ఆయన ఇక పడవెక్కడని.

పంతొమ్మిదో ఏట పల్లంరాజు మంచాన పడ్డాడు. వయసూ దగ్గూ కలిసి తినేశాయి. చివరి రోజున గంజి పట్టుకెళ్ళిన మరదలితో, అందరూ బయటికెళ్ళాక, "రత్తమ్మా, ఆ సీసాలో సారా ఉంది కదూ?" అన్నాడు.

నాయనమ్మ ముంత కింద పెట్టేసింది.

"రెండోసారి వాసన చూసినప్పుడే తెలిసిందమ్మా. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన వాసన, నాకు తెలీదా?"

"తెలిసీ పొయ్యమన్నారా బావగారూ?"

"వాడు నా తమ్ముడు కదమ్మా."

"మరి అదే వలతో ఎలా వెళ్ళారండి ఇన్నేళ్ళూ?"

"భయపడుతూ వెళ్ళాను" అన్నాడాయన. "రోజూ తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున నువ్వు కనిపించేదానివి. నీక్కూడా భయమేనని తెలుసు. చెబుదామనుకునేవాణ్ణి. చెప్పేస్తే వల వినేస్తుందేమోనని ఊరుకున్నాను."

చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వణుకుతోంది. బావగారి చెయ్యి ముట్టుకోవడం మా ఇళ్ళల్లో లేదు. నాయనమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోలేదు. ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని, ఆయన ఊపిరి లెక్కపెడుతూ, ఆగిపోయే దాకా అక్కడే కూర్చుంది.